నూనె డబ్బా కింది కాగితం

సోల్డరమ్మకు కోపం వస్తే అరవదు, ఫ్యాను కట్టేస్తుంది. తగరం కరిగించి తీగలకు అతుకు వేసేటప్పుడు గాలి తగలకూడదు కనుక ఆమె దుకాణంలో ఫ్యాను ఎలాగూ సగం రోజు ఆగే ఉంటుంది. కోపంతో ఆగిందో పని కోసం ఆగిందో గుమ్మంలోకి వచ్చినవాళ్ళే కనిపెట్టుకోవాలి. తెలిసినవాళ్ళు ముందు ఆమె చేతికేసి చూస్తారు. చేతిలో సోల్డరింగు కడ్డీ ఉంటే లోపలికి వస్తారు, లేకపోతే "మళ్ళీ వస్తాలెండి" అని జారుకుంటారు.

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వీధి వీధంతా సోల్డరమ్మే అంటుంది. యాభై రెండేళ్ళ మనిషి. మిక్సీలు, తూకం మిషన్లు, బట్టలుతికే మిషన్ల లోపలి బోర్డులు, ఒకటేమిటి, తీగ ఉన్నదల్లా ఆమె బల్ల మీదికి రావలసిందే. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. ఆయన చూపు మందగించాక సన్న అతుకులన్నీ కూతురి చేత వేయించుకునేవాడు. "ఆడపిల్లకి ఇదేం పనండీ" అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళ రేడియోలే ఆ పిల్ల చేతి చలవతో మళ్ళీ పాడాయి. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "బల్ల మీద పని అయ్యాక చూద్దాం" అనేది. బల్ల ఈనాటికీ ఖాళీ కాలేదు. చెప్పొద్దూ, ఆమెకు ఆ దిగులు లేదు. దిగులంతా చుట్టుపక్కలవాళ్ళదే.

ఆమెకున్న బంధుబలగమల్లా రెండు వీధుల అవతల ఉండే అక్కా, బావా.

బావకు నాలుగో ఏట జ్వరంలో చూపు పోయింది. చూపు లేని పిల్లల బడిలో చదివి, ఆ బడిలోనే పుస్తకాలు అచ్చువేసే గదిలో ప్రూఫులు దిద్దే పనికి కుదిరి ఇరవై ఎనిమిదేళ్ళయింది. బ్రెయిలీ పుస్తకానికి సిరా ఉండదు కదా. దళసరి కాగితం మీద చుక్కలు పొడుచుకువచ్చి ఉంటాయి, వేలితో తడిమి చదువుకోవాలి. మిషను కొట్టిన ప్రతి కాగితాన్నీ ముందు బావ తడిమి, తప్పు పట్టి, సరిచేయించాకే పిల్లల చేతికి పోతుంది. తప్పులు పట్టడం ఆయనకు ఒంట పట్టేసింది. "కూరలో ఉప్పు తగ్గిందని ఊరుకుంటారా? రెండో ముద్దలో తగ్గింది అంటారు!" అని అక్క మొత్తుకుంటుంది.

ఆ అచ్చు మిషను బావకంటే ముసలిది కాదు గానీ, మిషన్లలో ముసలిదే. పాఠాన్ని ఫ్లాపీ అనే పలచటి చదరపు బిళ్ళలోకి ఎక్కించి దాని నోట్లో దూర్చితే, అది చదువుకుని టకటకా చుక్కలు కొట్టేది. ఒకరోజు ఆ నోరు పడిపోయింది. బిళ్ళలు చదివే ఆ భాగాన్ని ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. బడి కమిటీ కూర్చుని, నెలాఖరులోగా మిషను లేవకపోతే పాత ఇనుముకు ఇచ్చేసి, ఆ గదిని సామాన్ల కొట్టు చేసి, పుస్తకాలు దూరంలో ఉన్న పెద్ద అచ్చుకూటం నుంచి తెప్పించుకుందామని తీర్మానించింది. ప్రూఫులు దిద్దేవాళ్ళు అక్కడ అక్కడివాళ్ళే ఉన్నారు. అంటే బావ పని ఊడినట్టే. పెద్ద టీచరమ్మ ఈ మాట ఆయనకు చెప్పి, చెబుతూ చెబుతూ తనే ఏడ్చేసిందట. బావ మాత్రం, "ఊరుకోండమ్మా. తీర్మానంలో తేదీ సరిగ్గా వేశారో లేదో చూసుకోండి" అన్నాడట.

ఆ మర్నాడే అక్క దుకాణానికి వచ్చింది. ఫ్యాను ఆగి ఉందా తిరుగుతోందా అని కూడా చూడలేదు.

"మీ బావ ఏమీ పట్టనట్టే ఉంటున్నారే. కానీ ఆ వేళ్ళు ఊరుకోవడం లేదు. బడిలో తడమడానికి కాగితం లేదుగా, ఇంట్లో కంచాల అడుగున చెక్కిన అక్షరాలు, తలుపు మేకులు, చొక్కా గుండీలు, ఏది దొరికితే అది చదువుతున్నారు. నిన్న నా గాజులు లెక్కపెట్టారు. ఆ మనిషి చేతిలోంచి ఆ పని తీసేస్తే ఇంకేం మిగుల్తుందో నువ్వే చెప్పు."

"నేను చూస్తాలే అక్కా" అంది సోల్డరమ్మ. అనడానికేం, నోరే కదా.

వెళ్ళి మిషను మూత విప్పింది. సూదులు బాగున్నాయి, మోటారు బాగుంది. కొత్త కంప్యూటర్ నుంచి ఒక తీగ తెచ్చి నేరుగా బోర్డుకు కలిపితే పడిపోయిన నోటితో పనే లేదు. తీగ కలపడం ఆమెకు ఎడమచేతి పని. చిక్కల్లా ఏమిటంటే, 'ఇకనుంచి బిళ్ళ కోసం చూడకు, తీగలోంచి వచ్చే అక్షరాలు తీసుకో' అని లోపల మిషనుకు బుర్రలా పనిచేసే ప్రాసెసర్ చిప్పుకు చెప్పాలి. అంటే దాని ప్రోగ్రాం మార్చాలి. ప్రాసెసర్‌కు మాటలు తెలియవు, అంకెలే తెలుసు. ఎనిమిది ఒకట్లూ సున్నాలూ ఒక వరసలో ఇస్తే కూడుతుంది, ఇంకో వరసలో ఇస్తే తీసివేస్తుంది, మరో వరసలో ఇస్తే చేస్తున్న చోటు వదిలి ప్రోగ్రాంలో ఇంకో చోటికి గెంతుతుంది. మనిషి మాటల్లో రాసిన ఆజ్ఞల్ని ఆ అంకెల్లోకి మార్చిపెట్టే ప్రోగ్రాంను అసెంబ్లర్ అంటారు. మిగతా చిప్పులకు అసెంబ్లర్లు కుప్పతెప్పలు. ఈ చిప్పుకున్న ఒక్కగానొక్కటీ బడిలో పాత కంప్యూటర్‌తోపాటే ఎప్పుడో గంగలో కలిసింది. సరే, కొత్తది రాసుకుందామనుకుంది. ఇదివరకు ఒక చిప్పుకు రాసిన అనుభవం ఉంది. కానీ ఏ ఆజ్ఞకు ఏ అంకెలో చెప్పే పట్టిక చేతిలో ఉండాలి కదా!

అక్కణ్ణుంచి మొదలైంది వెతుకులాట. ఇంటర్నెట్టంతా గాలించింది. కొత్త ప్రాసెసర్ల మీద వేలవేల పేజీల పుస్తకాలు రమ్మనకుండానే వచ్చిపడ్డాయి. ఈ చిప్పు నంబరు కొడితే మాత్రం అదే నంబరు గల నీళ్ళ పంపు కనపడింది. ఒకచోట అచ్చంగా దీని పుస్తకమే ఎవరో స్కాన్ చేసి పెట్టారు. దొరికిందని పొంగిపోయేలోగా తెలిసింది, ఆ మహానుభావుడు కాగితానికి ఒకవైపే చేశాడు. పట్టికలన్నీ రెండోవైపు. ఇంకోచోట పట్టిక మొత్తం దొరికింది గానీ అది ఈ చిప్పు తమ్ముడిది. అన్నకు కూడిక అయిన అంకె తమ్ముడికి తీసివేత. చిప్పు చేసిన కంపెనీ చిరునామా పట్టుకుని ఉత్తరం రాస్తే, అక్కడ ఇప్పుడు పరుపులు అమ్ముతున్నామని, కావలిస్తే తగ్గించి ఇస్తామని జవాబు వచ్చింది. పాత చిప్పుల పిచ్చి ఉన్నవాళ్ళు మాట్లాడుకునే సైటులో అడిగితే ఒకాయన, "ఇందులో ఏముంది, చాలా తేలిక, చిన్నప్పుడే చేశాను" అని రాశాడు. ఎలా చేశారు బాబూ అని అడిగితే మళ్ళీ అజా పజా లేడు. ఆ రోజంతా ఫ్యాను ఆగే ఉంది, చేతిలో కడ్డీ లేకుండానే.

చివరికి మిషనులోని పాత ప్రోగ్రాం అంకెలన్నీ బయటికి తీసి, బల్ల మీద పరుచుకుని, ఇది దీనికై ఉండాలి, అది దానికై ఉండాలి అని ఊహిస్తూ కూర్చుంది. డెబ్భై పైచిలుకు ఆజ్ఞల్లో పదకొండు తేలాయి. నెలాఖరు పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎప్పుడూ అక్క ఇంట్లోనే. ఆ ఆదివారం కూడా ముగ్గురూ కూర్చున్నారు.

"మరదలా, మిషను సంగతి నేను అడగను" అన్నాడు బావ. "నీ కంచంలో చెయ్యి కదిలి చాలాసేపయింది. చప్పుడు లేదు. కనుక అడక్కుండానే తెలిసింది."

"ఏం చెయ్యను బావా. ఒక్క పట్టిక. అదొక్కటి దొరికితే మిగతాది నేను చూసుకుంటాను."

"ఎలా ఉంటుందేమిటి అది?"

"ఏముంటుంది. ఎడంవైపు ఆజ్ఞ పేరు, మూడో నాలుగో అక్షరాలు. ఎదురుగా ఎనిమిది అంకెలు, అన్నీ ఒకట్లూ సున్నాలే. కింద అది ఏం చేస్తుందో రెండు ముక్కలు. అలాంటివి పేజీలకి పేజీలు."

నోటిదాకా వెళ్ళిన బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆ ఎనిమిదింట్లో అక్కడక్కడా అంకెకి బదులు అక్షరం పడుతుందా?"

సోల్డరమ్మ తలెత్తింది. "పడుతుంది. మీకెలా తెలుసు?"

"దిద్దాను తల్లీ! చేరిన ఏడాదే దిద్దాను! మా బడిలో లెక్కల మాస్టారు ఉండేవారు, ఆయనకీ చూపు లేదు. ఆ మిషనుకి ప్రోగ్రాం రాసింది ఆయనే. ఆయన చదువుకోడానికని ఏదో లావుపాటి పుస్తకం మొత్తం బ్రెయిలీలో కొట్టించి, ప్రూఫు నాకు పడేశారు. రెండు నెలలు దిద్దాను. ఒకటి సున్నా సున్నా ఒకటి, ఒకటి సున్నా సున్నా ఒకటి. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కొత్త ఉద్యోగం కదా, నోరెత్తకుండా దిద్దాను."

"ఆ పుస్తకం ఏది బావా?"

"అసలుది మాస్టారు పట్టుకెళ్ళారు. ఆయనా పోయారు, ఆయన సామానూ ఎటో పోయింది. తప్పులున్న ప్రూఫు కాగితాలు మాత్రం పారేస్తామన్నారు. దళసరి కాగితం, ఎందుకు పారెయ్యడం అని ఇంటికి తెచ్చి మీ అక్కకి..."

ఇద్దరి మొహాలూ ఒక్కసారే అక్క వైపు తిరిగాయి.

"నా మీద పడతారేం?" అంది అక్క గరిటె పట్టుకుని. "వంటింటి అరల్లో డబ్బాల కింద వేశాను. చీమలు రావు, తడి పట్టదు. అప్పట్నుంచీ మీరు తెచ్చినవల్లా వేస్తూనే ఉన్నాను. పాతవి తియ్యను. వాటి మీదే కొత్తవి పరుస్తాను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ప్రపంచమంతా గాలించిన మనిషి వారం వారం వచ్చి భోంచేసిన ఇంట్లో, చెయ్యెత్తితే అందే అరలో, పప్పు డబ్బా కింద ఉంది ఆ పుస్తకం. సోల్డరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది.

"ముందు చేతులు కడుక్కోండి ఇద్దరూ! ఇరవై ఎనిమిదేళ్ళు ఆగింది, ఇంకో నిమిషం ఆగలేదా!" అని అక్క కేక పెట్టింది.

అరలన్నీ ఖాళీ చేశారు. డబ్బాలు నేలంతా నిండాయి. బావ గోడకు ఆనుకుని కూర్చుంటే సోల్డరమ్మ ఒక్కొక్క పొరా తీసి ఒళ్ళో పెట్టింది. పైవి వేలు తగలగానే చెప్పేశాడు. "ఇది నిరుడు కొట్టిన ఆరో తరగతి సైన్సు. ఇది కుందేలు కథ, మూడుసార్లు కొట్టించాను దీన్ని. ఇది భూగోళం." అలా తీస్తూ తీస్తూ అడుగుకు వచ్చేసరికి ఆయన వేలు ఒక వరస మీద ఆగింది. "ఒకటి. సున్నా. సున్నా. ఒకటి" అని చదివాడు. "ఇదే మరదలా. ఇదే."

ఉన్నవి నలభై ఆరు కాగితాలు. కొన్నింటిని అర కొలతకు సరిపోయేలా అక్క కత్తిరించేసింది. ఆ ముక్కలు మూలన ఉన్న చిన్న అరలో దొరికాయి. తప్పులున్న ప్రూఫు కదా, నమ్మడం ఎలా అని సోల్డరమ్మ సందేహపడితే బావ కాగితం అంచు తడిమి చూపించాడు. తప్పున్న వరస పక్కన అంచులో గోటితో నొక్కడం ఆయన అలవాటు. నొక్కు లేని వరసను కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. నొక్కు ఉన్నవి పదహారే తేలాయి. వాటిని ఆమె మిషనులోని పాత అంకెలతో పోల్చి సరిచేసుకుంది.

మర్నాటి నుంచి బావ మకాం దుకాణంలోనే. ఆయన తడుముతూ చదవడం, ఆమె కంప్యూటర్లో ఎక్కించడం. పొద్దున్నుంచీ అదే పారాయణం. మిక్సీ బాగుచేయించుకుందామని వచ్చిన పక్కింటావిడ గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని గొంతు తగ్గించి అడిగింది.

డబ్బాలు కూర్చున్న చోటల్లా చుక్కలు గుండ్రంగా అణిగిపోయి ఉన్నాయి. వేలికి అందని చుక్క కింది పెదవికి అందుతుందని బావ చెప్పాడు. చిన్నప్పుడు బడిలో పిల్లలంతా చలికాలం వేళ్ళు కొంకర్లు పోతే అలాగే చదివేవాళ్ళట. అలా పెదవితో నాలుగు కాగితాలు గట్టెక్కించాడు. ఐదోది పెదవికి ఆనించి, ఒక్క వరస చదివి, "అమ్మో!" అని ఎగిరిపడ్డాడు. అది కారం డబ్బా కిందిది. సోల్డరమ్మ నీళ్ళు తెచ్చేలోగా ముక్కూ కళ్ళూ ఏకధార. "తీసివేత ఆజ్ఞ" అన్నాడు మూతి తుడుచుకుని నవ్వుతూ, "ఘాటుగానే ఉంది." మూడు వారాల్లో ఆయన నవ్వడం ఆమె చూడ్డం అదే మొదలు. ఈ మనిషికి ఈ పని లేకుండా చెయ్యనివ్వను అని అప్పుడు అనుకుంది, గట్టిగా.

అన్నీ దొరికాయి గానీ ఒక్కటి దొరకలేదు. గెంతు ఆజ్ఞ ఉన్న కాగితం నూనె డబ్బా కిందిది. పైన అంకెలు బాగానే ఉన్నాయి. ఎంత దూరం గెంతాలో ఎలా లెక్కపెట్టాలో చెప్పే నాలుగు వరసలూ నూనెలో నాని చదునైపోయాయి. బావ వేలు పెట్టి చూశాడు, పెదవి పెట్టి చూశాడు, చెంప ఆనించి చూశాడు.

"ఇక్కడ ఏమీ మిగల్లేదు మరదలా. నున్నగా ఉంది."

టీ తెచ్చిన అక్క ఆ మాట విని అక్కడే కూలబడింది. "ఆ డబ్బాకి కారడం రోగం. మార్చాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. నా చేతుల్తో నేనే..."

"ఏం పర్వాలేదక్కా. ఇదివరకు నేను రాసిన చిప్పులో గెంతు ఆజ్ఞ అంకెలున్న గడి నుంచే దూరం లెక్క. ఇదీ అంతే అయ్యుంటుంది."

'అయ్యుంటుంది' అన్న మాట వింటే సోల్డరమ్మకు ఒళ్ళు మంట. ఫ్యూజు పోయి ఉంటుంది అన్నవాళ్ళను, ఉంటుందో ఉందో తేల్చుకుని రండి అని తిప్పి పంపిన మనిషి. ఆ రోజు తన నోటితోనే అనేసింది.

ఐదు రోజులుందనగా అసెంబ్లర్ పూర్తయింది. ప్రోగ్రాం రాసి, అంకెల్లోకి మార్చి, ప్రోగ్రాం దాచుకునే కొత్త మెమరీ చిప్పులోకి ఎక్కించి, మిషనులో పెట్టింది. పెద్ద టీచరమ్మ వచ్చి నిలబడింది. బావ మిషను మీద అరచెయ్యి ఆనించాడు. మీట నొక్కితే క్షణం పాటు చప్పుడు లేదు. ఆ వెంటనే ఆరు సూదులూ ఒక్కసారే లేచి, ఆగకుండా, ఒకేచోట దడదడా పొడవడం మొదలుపెట్టాయి. కాగితం జల్లెడై, చినిగి, ఉండచుట్టుకుపోయింది. ఆమె తీగ పీకేసింది.

"మీరు చెయ్యగలిగింది చేశారమ్మా" అంది పెద్ద టీచరమ్మ మెల్లగా. తిట్టినా బాగుండేది.

మూడు రోజులు తప్పు వెతికింది. బావ చదివిన ప్రతి వరసా మళ్ళీ సరిచూసింది. ఒక్కటీ తప్పు లేదు. ఆయన చదివిందాంట్లో తప్పు ఉంటుందని అనుకోవడమే ఆమె తప్పు. ఇక రెండు రోజులు మిగిలాయి. మధ్యాహ్నం అచ్చుగదిలో ఆయన, "పద మరదలా, ఇంటికి పోదాం. ఆకలేస్తే బుర్ర పనిచెయ్యదు" అన్నాడు. ఇద్దరూ లేచారు.

బావ చేతికర్రతో ఒక్కడే తిరుగుతాడు, చెయ్యి పట్టుకోనివ్వడు. అడుగులు లెక్కపెట్టుకుంటాడు. ఆయన పెదవులు కదుల్తుంటే సోల్డరమ్మ ఇంకేమీ తోచక, తనూ ఆయన అడుగుల్నే లెక్కపెడుతూ నడిచింది. వీధి మలుపులో దీపస్తంభం దగ్గర ఆయన ఆగి, "నూట ఎనభై రెండు" అని కుడికి తిరిగాడు.

"నూట ఎనభై నాలుగు బావా. ఇవాళ మీ లెక్క తప్పింది" అంది. ఎన్నాళ్ళకో ఆయన తప్పు పట్టే అదృష్టం, వదులుకుంటుందా!

"నా లెక్కా? నువ్వు ఎక్కణ్ణుంచి మొదలెట్టావు?"

"ఎక్కణ్ణుంచేమిటి, గదిలో మీరు లేచిన చోటి నుంచి."

"అదీ సంగతి. గడప దగ్గరికి రెండడుగులు. అవి లెక్కలోకి రావు. గడప దాటి, బయట రెండు కాళ్ళూ ఆనించి, అక్కణ్ణుంచి ఒకటి. నీ నూట ఎనభై నాలుగు నాకిస్తే, గడప దాటాక అన్నీ నడిచి, స్తంభం దాటిపోయి అవతలున్న గోతిలో పడతాను."

సోల్డరమ్మ వీధి మధ్యలో నిలబడిపోయింది. సైకిలువాడు గంట కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు.

గెంతు ఆజ్ఞకు రెండు గళ్ళు పడతాయి, ఒకటి ఆజ్ఞకు, ఒకటి దూరానికి. ప్రాసెసర్ ఆ రెండు గళ్ళూ చదివి, దాటి, అప్పుడు గెంతుతుంది. దూరం లెక్క దాటాక మొదలు. తను గదిలోంచే లెక్కపెట్టి ఇచ్చింది. అది బుద్ధిగా అన్నీ నడిచి, ప్రతిసారీ రెండు గళ్ళు అవతల గోతిలో పడింది.

"బావా!" అంది. ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుని, వెనక్కి పరుగెత్తింది. యాభై రెండేళ్ళలో ఆమె పరుగెత్తడం ఆ వీధి అంతకుముందు చూడలేదు.

"ఒసే, భోజనం!" అన్నాడు బావ గాలిలోకి.

అసెంబ్లర్లో మార్చింది ఒక్క వరస. వచ్చిన దూరంలోంచి రెండు తీసెయ్యి, అంతే. సాయంత్రానికి చిప్పు తయారైంది. మర్నాడు పొద్దున్న, గడువుకు ఒక్కరోజు ఉందనగా, మళ్ళీ అందరూ మిషను చుట్టూ నిలబడ్డారు. ఈసారి అక్క కూడా వచ్చింది. కంప్యూటర్లో సోల్డరమ్మ తన చేత్తో కొట్టిన రెండో తరగతి పాఠం ఉంది, వాన మీద. మీట నొక్కింది. మిషను ఆగింది, అక్షరం కోసం చూసింది, టక్కున కొట్టింది. మళ్ళీ చూసింది, మళ్ళీ కొట్టింది. అలా కొట్టుకుంటూ కొట్టుకుంటూ కాగితం అడుగుదాకా వెళ్ళి, బుద్ధిమంతురాలిలా ఆగింది.

బావ కాగితం తీసుకుని బల్ల మీద పరిచాడు. రెండు చేతుల వేళ్ళూ వరసల మీద పాకాయి. ఆయన మొహంలో ఏమీ తెలియలేదు.

"మూడో వరస, చివరి మాట" అన్నాడు. "ఒక చుక్క ఎక్కువ పడింది."

"అది నేను కొట్టడంలో తప్పు బావా! మిషనుది కాదు, ఒట్టు!"

"అదే నేనూ చెప్తున్నాను. తప్పు మనిషిది. మిషను బాగుంది." అంచులో గోటితో గట్టిగా నొక్కాడు. ఆ గోరు అక్కడే ఉంచి, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అక్క కొళాయి విప్పినట్టు ఏడ్చింది. పెద్ద టీచరమ్మ గోటి నొక్కు ఉన్న ఆ కాగితాన్నే పట్టుకెళ్ళి కమిటీ ముందు పెట్టింది. మాట్లాడాల్సిన వాళ్ళు మాట్లాడారు, తీర్మానం రద్దయింది, తేదీతో సహా.

తరవాతి ఆదివారం సోల్డరమ్మ భోజనానికి వెళ్ళేసరికి వంటింటి డబ్బాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. అరలు బోసిగా ఉన్నాయి. ఆ వారం తప్పులు పడిన ప్రూఫులు ఒక కట్ట చంకన పెట్టుకుని బావ అప్పుడే తెచ్చాడు. అక్క ఒక్కొక్కటీ అరలో పరుస్తోంది. నూనె డబ్బా కొత్తది, మూత బిగుతుది. దాన్ని ఎత్తి అర మీద పెట్టబోయి, ఆగింది.

"ఏమండీ" అంది. "ఇదేం కాగితమో ముందోసారి చదవండి."

"తప్పుల కాగితమే. నువ్వు పెట్టు."

"తప్పులదైతేనేం. ఇన్నేళ్ళూ ఏం చదువుతున్నారో నేనెప్పుడూ అడగలేదు. చదవండి, వింటాను."

బావ అరను చేత్తో వెతుక్కుని, కాగితం మీద వేళ్ళు ఆనించి, మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లల పాఠం, చీమలు వానకు ముందే గింజలు ఎలా దాచుకుంటాయో. ఒకచోట ఆగి, ఇక్కడ ఒక చుక్క తప్పు అని చెప్పి, మళ్ళీ అందుకున్నాడు. గుమ్మంలో సోల్డరమ్మ అడుగు ముందుకు వెయ్యలేదు. ఆయన చివరి వరస చదివేదాకా అక్క నూనె డబ్బా చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.